డీప్ అంటే

ఎనిమిదో తరగతి. సోమవారం. మూడో పీరియడు.
బోర్డు మీద నాలుగక్షరాలు రాసి
చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నాను.
డీప్. అర్థం ఎవరు చెబుతారు?

వెనక బెంచీలోంచి ఎర్రిస్వామి లేచి
"దీపం, మేడమ్" అన్నాడు.
తరగతంతా గొల్లుమంది.
నేనూ నవ్వాను.
ఎందుకు నవ్వానా అనిపించింది గానీ
అది సాయంత్రం మాట.

లోతైన, అన్నాను.
"ఎంత మేడమ్?" అంది మారెక్క.
ఎంతేమిటే?
"లోతంటే ఎంతో చెప్పల్ల గదా.
మా చేన్లో ఏడొందలా ఇరవై.
మా చిన్నాయన చేన్లో తొమ్మిదొందలు పోయినా పడల్యా."

కుందుర్పి పక్కన ఈ ఊళ్లో
లోతుకు విశేషణాలతో పని లేదు.
అంకె చాలు.
అడుగుకింత, కేసింగు పైపు వేరే,
తిరుచెంగోడు బండి రాత్రంతా గర్జించి పోయాక
వేరుశనగ ఆకుల మీద తెల్లటి రాతిపొడి,
గట్టు మీద ఎవరో ఒకరు గొంతుక్కూర్చుని
నేలకు చెవి పెట్టినట్టు.

అయినా పాఠం పాఠమే.
నిఘంటువు తెరిచాను.
ఇంగ్లీషు వాళ్లు ఒక్క మాటతో ఎన్ని ఇళ్లలో పని చేయించుకుంటారో!
నిద్రకైతే మనం గాఢం అంటాం.
రంగుకు ముదురు.
గొంతుకు గంభీరం.
వాళ్లకు అన్నింటికీ ఇదే.
"డీప్ ఫ్రిజ్జు, మేడమ్! కళ్యాణదుర్గం ఐస్‌క్రీం అంగట్లో!"
సరే, అదీ.
"డీపుగా లవ్ చేస్తాండాడంట, మేడమ్..."
కూచో, తిమ్మరాజూ.

అప్పు దగ్గరికొచ్చేసరికి నేనే ఆగాను.
అక్కడ మన భాష ఒంటితో కొలుస్తుంది:
మోకాలి లోతు, నడుము లోతు, పీకల లోతు.
నీటిచుక్క లేని ఊళ్లో కూడా
మనుషులు పీకల దాకా మునగగలరు.
ఆ వాక్యం బోర్డు మీద రాయలేదు.
మారెక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది.

వ్యతిరేక పదం అడిగారు.
షాలో, అని రాశాను.
తెలుగులో దానికి తగిన మాట కోసం
గంట కొట్టేదాకా వెతికాను.
లోతులేని, అంటాం,
లోతునే పిలిచి, పొమ్మంటాం.
మాది తాడిపత్రి. పెన్న ఒడ్డున పుట్టాను.
అరికాలు తడవని నదిని ఏమనాలో
నాకే ఎవరూ నేర్పలేదు.

సాయంత్రం బస్సు రాలేదు.
ఎర్రిస్వామి వాళ్ల జేజినాయన వన్నూరప్ప
అరుగు మీద లాంతరు గాజు తుడుస్తున్నాడు.
బావులున్న కాలంలో పూడిక తీసేవాడట.
ఇప్పుడు బావులన్నీ కంపచెట్లకే.
లాంతరెందుకు, కరెంటుంది గదా? అన్నాను.

"పాత బాయిలోకి దిగల్లంటే
ముందు దీపం దించల్ల, మేడమ్మా.
తాడు కట్టి, నిదానంగా.
యాడ ఆరిపోతాదో ఆడికి గాలి సచ్చినట్టు లెక్క.
దీపం ఎందాక ఎలగతాదో
మనిసికి అందాకే లోతు."

ఒకసారి దీపం దించకుండా దిగినవాడి గురించి
మొదలుపెట్టి, పేరు దాకా వచ్చి,
ఆపేశాడు.
గాజు మళ్లీ తుడిచాడు,
అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని.
లోపల ఎర్రిస్వామి పెద్దగా చదువుకుంటున్నాడు,
డి, ఇ, ఇ, పి,
రెండు 'ఇ'ల మధ్య ఊపిరి తీసుకుంటూ.

రాత్రి నోటుపుస్తకాలు దిద్దుతున్నాను.
వాడి పేజీలో అలాగే ఉంది:
డీప్ అంటే దీపం.
పక్కన చిన్న బొమ్మ కూడా, తాడుతో సహా.
ఎర్ర పెన్ను చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది.
కొట్టేయలేను. ఒప్పని వేయలేను.
అర మార్కు వేశాను.

పొద్దున వాడు పుస్తకం పట్టుకొచ్చి నిలబడ్డాడు,
మిగతా అర యాడికి పాయ మేడమ్, అని.